దీక్ష యాప్: మాస్టారి మెలకువ.. బడి గోడలు దాటిందిలా!

ఉదయగిరి, సీతారామపురం లాంటి మెట్ట మండలాల్లో ఓ మాస్టారు భిన్నాలు ఎంత బాగా చెప్పినా.. ఆ పద్ధతి ఆ క్లాసుకే తెలిసేది. మహా అయితే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం దాకా వెళ్లేది. బదిలీ అయితే ఆయనతోనే పోయేది. అలాంటి పాఠాలు అందరికీ అందేలా కేంద్రం తెచ్చిన వేదికే దీక్ష. పూర్తి పేరు.. డిజిటల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఫర్ నాలెడ్జ్ షేరింగ్. 2017 సెప్టెంబర్ 5న దీన్ని ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు. 1978, 1983 ఎన్నికల్లో ఆయన ఉదయగిరి నుంచే ఎమ్మెల్యేగా గెలిచారు.

ఎలా పనిచేస్తుంది?
పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోలు, ప్రశ్నలు ఫోన్‌లో వచ్చేస్తాయి. విద్యాదాన్ ద్వారా టీచర్లు తమ పాఠాలు పంపొచ్చు. పరిశీలించాకే వాటిని తీసుకుంటారు. ఇచ్చినవారి పేరూ కనిపిస్తుంది. నిష్ఠ శిక్షణ కోర్సు పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుంది. ఎవరెంత చేశారో పైఅధికారులకూ తెలిసిపోతుంది.

మరి కనిపించనిది?
ఆత్మకూరులోని ఓ సీనియర్ టీచర్ మారుమూల బడిలో కొత్తగా చేరిన టీచర్‌కు ఫోన్‌లో చెప్పే సలహా ఏ యాప్‌లోనూ ఎక్కదు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో వీడియో అప్‌లోడ్ చేయడమూ కష్టమే. అందుకే యాప్ లెక్క ఒక్కటే చూసి ఎవరు పంచుతున్నారో, ఎవరు పంచట్లేదో తేల్చేయలేం.