మన పిల్లల బొమ్మల పుస్తకానికి ఏ అక్షరం?

పిల్లల బొమ్మల పుస్తకం వేయాలనుకున్నప్పుడు మనం కథ గురించి, బొమ్మల గురించి ఎంతో మాట్లాడుకుంటాం. అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ‘కంప్యూటర్లో ఉన్నదేదో పెట్టండి’ అంటాం. గోండి భాష నడిచిన దారి చూస్తే ఇది అంత తేలిగ్గా వదిలేసే పని కాదని తెలుస్తుంది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితిని తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లల కోసం గోండి వాచకాలు తయారయ్యాయి. అవి దేవనాగరి లిపిలో వచ్చాయి. మాట మనదే, అక్షరం మాత్రం వేరేవాళ్లది.

మరి మనకు అక్షరాలు లేవా? ఉన్నాయి. బాలాఘాట్ ప్రాంతంలో మున్షీ మంగళ్ సింగ్ మసరాం 1918లోనే గోండికి ఒక లిపి తయారుచేశారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో మరో గోండి లిపిలో రాసిన చేతిరాత ప్రతులు ఉన్నాయి. 2006 ప్రాంతంలో వాటి సంగతి బయటి లోకానికి తెలిసింది. అయితే చేతిరాత అచ్చులోకి రావాలంటే ఫాంటు కావాలి. ఆ ఫాంటు అన్ని కంప్యూటర్లకూ అర్థం కావాలంటే, ఒక్కో అక్షరానికి ప్రపంచమంతటా చెల్లే ఒకే సంఖ్య ఉండాలి. ఆ ఏర్పాటు పేరే యూనికోడ్. అందులో మసరాం లిపికి 2017లో, గుంజాల లిపికి 2018లో చోటు దొరికింది. ఈ రెండు లిపులకూ నోటో ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

దారి పడింది. ఇక ఎంచుకోవలసింది మనమే. గుంజాల లిపిలో పుస్తకం వేస్తే, ఆ లిపి రాసే పెద్దలకు ముందుగా ఒక పేజీ చూపించాలి. తెలుగు లిపిలో వేస్తే, ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క మాత్రమేనని గుర్తుంచుకోవాలి. మరీ లావు అక్షరాల్లో ఆ చుక్క పూడుకుపోతుంది. వంకర్లు తిరిగిన అందమైన ఫాంటు అట్ట మీద పేరుకు సరిపోతుంది, లోపలి కథకు పనికిరాదు. వత్తులు పక్క వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం ఉంచాలి. ముదురు రంగు బొమ్మ మీద నల్లని అక్షరం వేయకూడదు.

రెండు భాషల పుస్తకమైతే ఇంకో మాట. తెలుగు పైన పెద్దగా, గోండి కింద సన్నగా వేస్తే, ఏ భాష గొప్పదో పిల్లలకు నోరు విప్పకుండానే చెప్పినట్టవుతుంది. రెండూ ఒకే ఎత్తులో, ఒకే నిండుతనంతో కనిపించాలి.

అచ్చుకు పంపేముందు అదే పేజీని రెండు మూడు ఫాంట్లలో తీసి రెండో తరగతి పిల్లల చేత చదివిద్దాం. వాళ్లు తడబడని అక్షరమే మన పుస్తకానికి సరైన అక్షరం.