దవడ బిగింపుకు సడలింపు సూది: బొట్యులినం చికిత్స చరిత్ర

నిద్రలో గాని మెలకువలో గాని తనకు తెలియకుండానే పళ్ళు గట్టిగా కరచిపట్టడాన్ని, పై పళ్ళతో కింది పళ్ళను రాపాడించడాన్ని వైద్యులు బ్రక్సిజం అంటారు. దవడను నడిపే కండరాల్లోకి బొట్యులినం అనే విషాన్ని అతి స్వల్ప మోతాదులో ఎక్కించి, వాటి బలాన్ని కొన్ని నెలలపాటు తగ్గించే చికిత్స ఈ సమస్యకు 1990 నుంచి వాడుకలోకి వచ్చింది. సూది పడేది ప్రధానంగా రెండు జతల కండరాల మీద: చెంప ఎముక నుంచి కింది దవడ మూల వరకు మందంగా దిగే చర్వణ కండరం ఒకటి, కణత మీద విసనకర్రలా పరచుకొని దవడను పైకి లాగే కణత కండరం రెండోది. ఈ చికిత్స తగ్గించేది కొరికే బలాన్నే గాని కొరికే అలవాటును కాదు. దాని చరిత్రలో వచ్చిన ఆశలనూ అపోహలనూ అర్థం చేసుకోవడానికి ఈ తేడాయే ఆధారం.

పళ్ళు కొరకడం కొత్తగా పుట్టుకొచ్చిన జబ్బేమీ కాదు. దవడ పట్టేయడాన్ని ఆయుర్వేదం హనుగ్రహం అనే వాతరోగంగా వర్ణించింది. పసిపిల్లలు పళ్ళు కొరకడాన్ని బాలగ్రహ లక్షణాల్లో చేర్చింది. నిద్రలో పళ్ళు కొరికే పిల్లవాడి కడుపులో నులిపురుగులు ఉన్నాయని ఇంటి పెద్దలు అనడం తెలుగునాట ఎంత మామూలో, దక్షిణ తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతపు తమిళ కుటుంబాల్లోనూ, విజయనగర, నాయక రాజుల కాలంలో అక్కడి నల్లరేగడి నేలల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అంతే మామూలు. పురుగుల మందు వేసినంత మాత్రాన ఈ అలవాటు పోతుందని చెప్పడానికి గట్టి రుజువు లేదు. ఐరోపా వైద్యంలో ఈ లక్షణానికి ప్రత్యేకమైన పేరు పెట్టింది 1907లో మారీ, పియెత్కీవిచ్ అనే ఫ్రెంచి వైద్యులు. బ్రక్సిజం అనే రూపం 1931లో ఫ్రోమన్ రచనతో స్థిరపడింది. ఆ తర్వాత చాలాకాలం దంతవైద్యులు పై పళ్ళు, కింది పళ్ళు సరిగా కలవకపోవడమే దీనికి మూలమని నమ్మి, ఎత్తుగా ఉన్న పళ్ళను అరగదీసి సరిచేసేవారు. నిద్రను రాత్రంతా యంత్రాలతో నమోదుచేసే పరీక్షలు వచ్చాక ఆ నమ్మకం సడలింది. నిద్రలో మెదడు క్షణకాలం మెలకువ వైపు జరిగే సందర్భాల్లో దవడ కండరాలు లయబద్ధంగా బిగుసుకుంటున్నాయని, అంటే మూలం పళ్ళలో కాక మెదడులో ఉందని తేలింది. మానసిక ఒత్తిడి, పొగతాగడం, మద్యం, కుంగుబాటుకు వాడే కొన్ని మందులు, నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బు దీన్ని పెంచుతాయి. 1994లో కెనడాలో జరిగిన ఒక సర్వేలో పెద్దవాళ్ళలో సుమారు 8 శాతం మంది నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టు చెప్పారు.

ఇక మందు చరిత్ర విషం చరిత్రతో మొదలవుతుంది. జర్మనీలోని వూర్టెంబర్గ్ ప్రాంతంలో పాడైన మాంసపు సాసేజిలు తిని జనం చనిపోతుండగా, కవి కూడా అయిన యూస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు ఆ రోగుల లక్షణాలను ఓపికగా నమోదుచేసి, విషాన్ని తన మీదే పరీక్షించుకొని, 1820, 1822లలో గ్రంథాలు ప్రచురించాడు. నరాల అతిచలనం వల్ల వచ్చే వ్యాధులకు ఇదే విషం కొద్దిపాళ్ళలో మందు కావచ్చని కూడా ఆయన అప్పుడే ఊహించాడు; అది నిజం కావడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్‌జెల్ గ్రామంలో ఒక అంత్యక్రియలకు వాయించడానికి వచ్చిన బ్యాండు మేళం వాళ్ళు నిల్వ ఉంచిన పంది మాంసం తిని జబ్బుపడ్డారు, వారిలో ముగ్గురు మరణించారు. ఆ మాంసం నుంచి ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ విషకారక బాక్టీరియాను వేరుచేసి 1897లో వెల్లడించాడు. 1949లో లండన్‌లో బర్జెన్ బృందం ఈ విషం కండరాన్ని చంపదని, నరం కొస నుంచి కండరానికి సంకేతాన్ని అందించే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాకుండా మాత్రమే అడ్డుకుంటుందని చూపింది. నరం కొసలో ఆ రసాయనం నిండిన సంచులు పొరకు అతుక్కొని తెరచుకోవాలంటే స్నాప్-25 అనే ప్రొటీను కావాలి. ఈ విషంలో ఎ అనే రకం ఆ ప్రొటీనునే కోసివేస్తుందని 1993లో తెలిసింది. నరం కొద్ది వారాల్లో కొత్త కొసలు తొడిగి, ఆ తర్వాత పాత కొసలనూ తిరిగి పనికి తెచ్చుకుంటుంది. సూది ప్రభావం మూడు నాలుగు నెలలకే తీరిపోవడానికి కారణం ఇదే.

విషం మందుగా మారింది దవడ దగ్గర కాదు, కంటి దగ్గర. అమెరికా సైనిక పరిశోధనశాలలో ఎ రకం విషాన్ని శుద్ధిచేసే పద్ధతి మీద పనిచేసిన ఎడ్వర్డ్ షాంట్జ్ నుంచి దాన్ని తెప్పించుకొని, శాన్‌ఫ్రాన్సిస్కో కంటివైద్యుడు అలన్ స్కాట్ మెల్లకన్నును శస్త్రచికిత్స లేకుండా సరిచేయాలని కోతుల మీద ప్రయోగించి 1973లో ఫలితాలు ప్రకటించాడు. మనుషుల మీద ఫలితాలు 1980లో వచ్చాయి. 1989 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెల్లకన్నుకూ, కనురెప్పలు అదేపనిగా బిగుసుకుపోయే జబ్బుకూ దీన్ని అనుమతించింది. ఆ తర్వాత ఆ మందును కొన్న అలర్గాన్ కంపెనీ బొటాక్స్ అని పేరు మార్చింది. షాంట్జ్ 1979 నవంబరులో తయారుచేసిన ఒకే ఒక్క విడత సరుకు 1997 వరకు రోగులకు సరిపోయిందంటే, ఎంత సూక్ష్మ పరిమాణం వాడతారో ఊహించవచ్చు. మందు కొలతకు వాడే యూనిట్ అంటే, ఎలుకల గుంపుకు ఎక్కించినప్పుడు సగం ఎలుకలను చంపే పరిమాణం.

కోవిల్‌పట్టి పరిసరాలకు కంటివైద్యంతో దగ్గరి సంబంధం ఉంది. ఎట్టయపురం దగ్గరి అయన్ వడమలాపురంలో 1918లో పుట్టిన గోవిందప్ప వెంకటస్వామి, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా పట్టువదలక కంటి శస్త్రచికిత్సలు నేర్చి, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని స్థాపించారు. దక్షిణ జిల్లాల పేదలకు చూపునిచ్చిన ఆ సంస్థ వంటి పెద్ద కంటి ఆసుపత్రుల్లో కనురెప్పల ఈడ్పుకు ఈ సూది వాడకం ఉంది. సౌందర్య కేంద్రాల ప్రకటనల వల్ల బొటాక్స్ అంటే ముడతల మందు అనే ముద్ర పడింది గాని, ముఖంపై ముడతలకు అమెరికా అనుమతి వచ్చింది 2002లోనే. దానికి ముందే ఇది కంటికీ, మెడ మెలితిరిగే జబ్బుకూ మందు.

దవడ విషయానికి వస్తే, దవడ దానంతట అదే బిగుసుకొనే లేదా తెరచుకొనే డిస్టోనియా అనే నరాల జబ్బుకు ఈ సూది వేయడం 1980లలోనే మొదలైంది. పళ్ళు కొరకడానికి వేసిన తొలి నివేదికను 1990లో బెల్జియంకు చెందిన వాన్ జాందైకే, మార్షో ప్రచురించారు. వారి రోగి మెదడుకు దెబ్బతగిలిన మనిషి. 2000లో టాన్, జాన్‌కోవిచ్ హ్యూస్టన్‌లో చికిత్స చేసిన 18 మంది తీవ్ర రోగుల వివరాలు వెల్లడించారు: ఒక్కో వైపు చర్వణ కండరంలోకి సగటున సుమారు 62 యూనిట్లు వేయగా, ఉపశమనం సగటున 19 వారాలు నిలిచింది, ఒక్కరికి మింగడంలో ఇబ్బంది వచ్చింది. ఇవి పోలిక గుంపు లేని పరిశీలనలు కాబట్టి ఇంతటి మెరుగుదలలో ఎంత మందుది, ఎంత రోగి నమ్మకానిది అనే ప్రశ్న మిగిలింది. దానికి జవాబు వెతికిన పరీక్షలన్నీ చిన్నవే. 2010లో కొరియాలో 12 మందితో, సగం మందికి ఉప్పునీరు, సగం మందికి మందు ఇచ్చి చేసిన పరీక్షలో చర్వణ కండరపు బిగింపులు తగ్గాయి, సూది వేయని కణత కండరంలో తగ్గలేదు. 2014లో షిమ్ బృందం 20 మందిని నిద్రశాలలో పరిశీలించి, బిగింపుల తీవ్రత తగ్గిందని, సంఖ్య తగ్గలేదని తేల్చింది. 2018లో ఒండో బృందం 22 మందిపై, నాలుగు కండరాలకు కలిపి 200 యూనిట్లతో చేసిన పరీక్షలో మందు పొందినవారికి మేలు కనిపించింది, ఇద్దరి చిరునవ్వు మాత్రం కొద్దిగా మారింది. షిమ్ ఫలితం ఈ మొత్తం చర్చలో అన్నిటికన్నా విలువైనది: మెదడు ఆదేశం ఆగదు, దాన్ని పాటించే కండరం బలహీనపడుతుంది.

సూది వేసే తీరు చూడడానికి సులువు. పొడిగా ఉన్న మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచి, వాడేముందు ఉప్పునీటిలో కరిగిస్తారు. పళ్ళు బిగించమని రోగికి చెప్పి, దవడ మూల దగ్గర పైకి ఉబ్బిన కండరాన్ని వేలితో తడిమి, చెవి తమ్మె నుంచి పెదవి మూలకు గీసిన ఊహారేఖకు దిగువనే రెండు మూడు చోట్ల సన్నని సూదితో ఎక్కిస్తారు. ఆ రేఖ దాటి పైకి గాని ముందుకు గాని మందు పాకితే నవ్వును పక్కకు లాగే కండరానికి తగిలి నవ్వు వంకరగా కనిపించవచ్చు. ఒకటి రెండు వారాల్లో ప్రభావం మొదలవుతుంది. బెల్లంపాకంతో గట్టిగా కట్టే కోవిల్‌పట్టి కడలై మిఠాయిని, అంటే 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఊరి పల్లీ పట్టీని, కొరికి నమలడం కొన్ని వారాలు కష్టమవుతుంది. మెత్తని అన్నం, ఇడ్లీ తినడానికి ఇబ్బంది ఉండదు.

చర్వణ కండరం చిన్నదైతే ముఖం సన్నబడుతుందని 1994 నుంచి వచ్చిన నివేదికలు కొరియా వంటి దేశాల్లో ఈ సూదికి సౌందర్య గిరాకీ తెచ్చాయి. అయితే కండరం లాగడం తగ్గితే దవడ ఎముక పలచబడవచ్చని 2012లో కుందేళ్ళపై జరిగిన ప్రయోగాలు హెచ్చరించాయి; మనుషుల్లో ఎంత జరుగుతుందనేది ఇంకా తేలవలసి ఉంది, కనుక ఏళ్ళ తరబడి సూదులు వేయించుకునే ముందు ఈ సంగతి రోగికి తెలియాలి. గర్భిణులకు, కండరాలు త్వరగా అలసిపోయే మయాస్థీనియా జబ్బు ఉన్నవారికి ఈ మందు వాడరు. పళ్ళు కొరకడానికి దీన్ని వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లేదు; వైద్యులు తమ విచక్షణ మీద, రోగి సమ్మతితో ఇస్తారు.

అందువల్ల మొదటి చికిత్స ఈ సూది కాదు. పళ్ళ అచ్చు తీసి చేసే రాత్రి తొడుగు పళ్ళ అరుగుదలను ఆపుతుంది, దాన్ని చిన్న పట్టణంలోని దంతవైద్యుడే అమర్చగలడు. నిద్రలో శ్వాస ఆగే లక్షణాలున్నవారికి ముందు ఆ జబ్బు పరీక్ష జరగాలి. మందుల వల్ల మొదలైతే మందు మార్పును వైద్యుడే చూడాలి. తొడుగు వాడినా కణతల నొప్పి, దవడ నొప్పి తగ్గనివారు, మెదడు గాయం తర్వాత పళ్ళు పగిలేంతగా కొరికేవారు సూదికి అర్హులు. కోవిల్‌పట్టి వాసులకు సుమారు 55 కిలోమీటర్ల దూరంలోని తిరునెల్వేలి, దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని మదురై పెద్ద వైద్య కేంద్రాలు; 2022 జనవరిలో విరుదునగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ప్రారంభమైంది. మళ్ళీ సూది వేయడానికి కనీసం 12 వారాల ఎడం ఉంచుతారు; తరచుగా, పెద్ద మోతాదుల్లో వేస్తే శరీరం ఈ విషానికి ప్రతిరక్షకాలను తయారుచేసుకొని, తర్వాతి సూదులు పనిచేయకుండా పోవచ్చు.