కబేళా నుంచి పుట్టిన భయం

భయానికి కూడా చరిత్ర ఉంది. ఒక సమాజం దేన్ని చూసి వణికిందో తెలిస్తే, దాని లోగుట్టు సగం తెలిసినట్టే. 1897లో బ్రామ్ స్టోకర్ సృష్టించిన డ్రాకులా కోటలో ఉండే ప్రభువు. ఇతరుల నెత్తురు తాగి బతికేవాడు. 1974లో అమెరికాలో విడుదలైన ‘ది టెక్సాస్ చైన్ సా మాసకర్’ చిత్రంలో మనుషులను నరికేవాళ్లు ప్రభువులు కారు, పని పోయిన కబేళా కూలీలు. ఈ మార్పు ఎందుకు వచ్చిందన్నది ఆలోచించవలసిన విషయం.

ఈ చిత్రాన్ని నేను ఇటీవలనే మొదటిసారి చూశాను. టోబీ హూపర్ దీన్ని 1973 వేసవిలో టెక్సాస్‌లోనే, లక్షన్నర డాలర్లకు లోపు ఖర్చుతో తీశాడు. అయిదుగురు యువతీయువకులు వ్యానులో పల్లెదారిన వెళతారు. దారిలోని బంకులో పెట్రోలు ఉండదు. దగ్గరి ఇంట్లో ఒక కుటుంబం చేతికి చిక్కి నలుగురు చచ్చిపోతారు. ఒక అమ్మాయి బయటపడుతుంది. హంతకుడికి మనిషి చర్మంతో చేసిన ముసుగు, చేతిలో మోటారు రంపం. అయినా పేరు విని ఊహించుకున్నంత నెత్తురు తెరమీద కనిపించదు. జడిపించేది చాలావరకు చప్పుడే.

అయితే నన్ను పట్టి నిలిపింది రంపం కాదు, మొదట్లో వ్యానులో జరిగే సంభాషణ. దారిలో ఎక్కించుకున్న యువకుడొకడు తనవాళ్లు కబేళాలో పనిచేశారని చెబుతాడు. పశువును సమ్మెటతో కొట్టడమే మంచి పద్ధతనీ, కొత్త పద్ధతి వచ్చి జనం పనులు పోగొట్టుకున్నారనీ అంటాడు. వ్యానులోని అన్నాచెల్లెళ్ల తాత పశువులను అమ్మింది కూడా కబేళాకే. ఒక తాత పశువులను అమ్మాడు. ఇంకొక తాత వాటిని చంపాడు. ఒకరి మనుమలు వ్యానులో విహారానికి బయలుదేరారు; మరొకరి మనుమలు వీధిన పడ్డారు.

ఇది కల్పనే అయినా గాలిలోంచి పుట్టింది కాదు. కోసేముందు పశువుకు స్పృహ తప్పించాలని అమెరికాలో 1958లో చట్టం వచ్చింది. సమ్మెట స్థానాన్ని తుపాకివంటి పరికరం ఆక్రమించింది. 1960లలో మాంసం కంపెనీలు నగరాలు వదిలి పల్లెలకు తరలాయి. ఒక్కొక్క కూలీ ఒక్కొక్క కోతే కోసేటట్టు పనిని ముక్కలు చేసి, నేర్పుగల కసాయి అవసరం లేకుండా చేశాయి. అప్టన్ సింక్లేర్ 1906లో ‘ది జంగిల్’ నవలలో చిత్రించిన చికాగో పశువుల యార్డులు 1971లో మూతపడ్డాయి. యంత్రం రావడం తప్పు కాదు. దాని లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్నదే ప్రశ్న.

ఆ నష్టం చిత్రం చివర భోజనాల బల్ల దగ్గర కనిపిస్తుంది. ఒకప్పుడు కబేళాలో పేరుమోసిన ముసలి తాత చేతికి సమ్మెట ఇచ్చి, పట్టి ఉంచిన అమ్మాయిని కొట్టమంటారు. సమ్మెట మాటిమాటికీ జారిపోతుంది. నాకు ఆ అమ్మాయిమీద జాలితోపాటు, ఆ పనొక్కటే ఎరిగిన ఆ చేతిమీద కూడా జాలి కలిగింది. బంకు నడిపే పెద్దవాడైతే ఇంతటి ఘోరం మధ్యలోనూ కరెంటు ఖర్చు గురించి వాపోతాడు.

బ్రిటిష్ విమర్శకుడు రాబిన్ వుడ్ 1979లోనే ఈ కుటుంబాన్ని పెట్టుబడిదారీ వ్యవస్థ బాధితులుగా గుర్తించాడు. మనిషిని మనిషి తినడం ఆ వ్యవస్థలోని మానవ సంబంధాల పరాకాష్ఠ అన్నాడు. నేను అంగీకరిస్తాను. కాని ఇది సగం సత్యమే. బాధితుణ్ణి చూపిన చిత్రం బాధపెట్టినవాణ్ణి చూపలేదు. కబేళా యజమాని తెరమీదికి రాడు. కూలీలకు సంఘం లేదు, సమ్మె లేదు. నిజజీవితంలో అమెరికా కబేళా కూలీలు 1943లో జాతీయ సంఘం స్థాపించుకుని, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒక్కటై 1946లోనూ 1948లోనూ సమ్మెలు చేశారు. ఆ చరిత్ర ఈ చిత్రంలో లేదు. పని పోయినవాడు మృగమైపోతాడన్న భయం యజమానులకు చాలా అనుకూలమైన భయం. దానివల్ల ప్రేక్షకుడు నిరుద్యోగిని చూసి జడుసుకుంటాడు గాని, నిరుద్యోగాన్ని చూసి కాదు.

తెరవెనుక సంగతీ గమనించదగినదే. నటులూ సాంకేతిక నిపుణులూ జీతంలో కొంత వదులుకుని వాటాలకు ఒప్పుకున్నారు. చిత్రం కోట్ల డాలర్లు వసూలు చేసింది. వాళ్లకు ముట్టింది బహు స్వల్పం.

విద్యార్థులు ఈ చిత్రాన్ని చూడకూడదని నేననను. చూడాలి. చూసి, ఇంట్లో రంపం పట్టుకున్నది ఎవరని మాత్రమే కాక, ఆ ఇంటికి పని లేకుండా చేసినది ఎవరని కూడా అడగాలి.