ముట్టుగుడ్డ నుంచి కప్పు దాకా: మనం చెప్పుకోని చరిత్ర

ఈసారి కాస్త పెద్ద పోస్టు. మగవాళ్లు కూడా దాటేయకుండా చదవాలని మనవి.

త్యాగయ్యగారు మన తిరువొత్తియూరు వచ్చి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు తెలుగు కీర్తనలు చేశారని మన పిల్లలకు కూడా తెలుసు. అదే ఊళ్లో మన అమ్మమ్మలు నెలసరి రోజులు ఎలా గడిపారంటే మాత్రం చెప్పేవాళ్లు లేరు. పోయిన నెల ఆడవాళ్ల కూడికలో ఒక తల్లి తన కూతురికి ప్యాడ్ ఒరిసి దద్దుర్లు వచ్చాయని చాలా మెల్లగా చెప్పింది. "మరి ఏది వాడాలక్కా?" అంటే నాకూ వెంటనే జవాబు రాలేదు. అప్పటినుంచి చదివినది ఇక్కడ రాస్తున్నాను.

మన ఇళ్లలో మొదట ఉన్నది ముట్టుగుడ్డ. పాత నూలు చీర ముక్క. గుడ్డలో తప్పు లేదు. ఎవరి కంటా పడకూడదని చీకటి మూలన, ఇంకో బట్ట కింద ఆరేయడంలోనే ఉంది తప్పు. తడి ఆరని గుడ్డలో క్రిములు పెరుగుతాయి. ఎండ తగలనివ్వనిది మన సిగ్గే.

మద్రాసు తెలుగువాళ్లలో ఈ సిగ్గును కొంత పక్కన పెట్టినవారు డాక్టర్ కె.ఎన్. కేసరిగారు. స్త్రీల ఆరోగ్యం కోసం ఆయన తయారుచేసిన 'లోధ్ర' మందు తెలుగిళ్లలో పేరు పొందింది. 1928లో ఆయన 'గృహలక్ష్మి' పత్రిక మొదలుపెట్టారు. ఆడవాళ్ల ఆరోగ్యం అచ్చులో మాట్లాడదగిన విషయమేనని మన పెద్దలు అప్పుడే ఒప్పుకున్నారన్నమాట.

బయటి దేశాల్లో మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్లకు వాడిన సరుకే 1920లో 'కోటెక్స్' ప్యాడ్‌గా అంగడికి వచ్చింది. 1937లో లియోనా చామర్స్ అనే అమెరికా నటి రబ్బరు కప్పుకు పేటెంట్ తీసుకున్నారు. అంటే కప్పు నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు. 1980లో 'రిలై' అనే టాంపాన్‌ను అమెరికాలో అంగడినుంచి వెనక్కి తీసుకున్నారు. ఎక్కువ పీల్చుకుంటుంది కదా అని గంటల తరబడి ఉంచుకున్నవారిలో విషజ్వరం లాంటి టాక్సిక్ షాక్ వచ్చి ప్రాణాలు కూడా పోయాయి. 'ఎక్కువసేపు ఆగుతుంది' అన్న ప్రకటన చూసినప్పుడల్లా ఇది గుర్తుంచుకోవాలి.

మన తమిళనాడులో కోయంబత్తూరు మురుగానందంగారు తక్కువ ధరకు ప్యాడ్ చేసే యంత్రం కనిపెట్టారు. 2016లో పద్మశ్రీ వచ్చింది. 2018 జులైలో ప్యాడ్ మీద 12 శాతం జీఎస్టీ తీసేశారు. ధర సంగతి ఇలా కదిలింది కానీ, లోపల ఏముందన్న ప్రశ్న వెనకబడింది. 1980 నాటి ప్రమాణమే 2019 దాకా నడిచింది. 2022లో ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ 10 రకాల ప్యాడ్లు పరీక్షిస్తే అన్నింట్లోనూ థాలేట్లు కనబడ్డాయి. ఆర్గానిక్ అని రాసుకున్నవాటిలో కూడా. దీంతో జబ్బు వచ్చేస్తుందని తేలలేదు, భయపడొద్దు. అట్టపెట్టె మీది మాటను మాత్రం గుడ్డిగా నమ్మొద్దు.

ఇక మన ఊరి సంగతి. 2011లో తిరువొత్తియూరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. మన చెత్త ఏళ్లుగా కొడుంగైయూరు గుట్టకే చేరింది. ప్యాడ్‌లో ప్లాస్టిక్ ఉంటుంది, అది మన మనవళ్ల కాలానికీ మట్టిలో కలవదు. అంతకన్నా బాధ ఒకటుంది. మనం విప్పి పారేసినదాన్ని చేత్తో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. మన భాషవాళ్లే. వాళ్ల చేతులకు మన సిగ్గు అంటుకుంటోంది.

కాబట్టి ఆ తల్లికి, మీకందరికీ నాకు తెలిసింది చెబుతాను. ఏ ప్యాడైనా నాలుగు నుంచి ఆరు గంటలకు మార్చాలి. సువాసన ఉన్నవి వద్దు. దద్దుర్లు వస్తే రకం మార్చాలి, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. గుడ్డ వాడేవారు సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. కప్పును ప్రతి నెలా నీళ్లలో మరిగించాలి, 12 గంటలకు మించి ఉంచకూడదు. కేరళలో కుంబళంగి ఊరు 2022లో ఈ కప్పుల దారి పట్టింది. వాడిన ప్యాడ్‌ను పేపర్లో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి, విడిగా ఇవ్వాలి.

మన సంఘం హాలులో ఆడవాళ్ల బాత్రూములో మూత ఉన్న డబ్బా ఇంకా లేదు. ఈ నెల కూడికలో అడుగుతాను. నాతో పాటు ఇంకో ఇద్దరు చెయ్యెత్తండి, చాలు.