బీజాపూరు బాట మీది డీజిలు విద్య

పూడూరు మండలమున మన్నెగూడ యనుచోట, వికారాబాదునుండి వచ్చు మార్గము హైదరాబాదు–బీజాపూరు రహదారిని కలియును. అచటనుండి చేవెళ్ల మీదుగా నగరమునకు పోవు బాటలో, నిజాముల కాలపు మర్రిచెట్ల నీడను, తాండూరు బండలను, సిమెంటును, కందులను మోయు లారీలు పగలనక రేయనక సాగుచుండును. ఈ సీమనుగూర్చి వ్రాయువారు రాతిగనులను, కందిపంటను ప్రస్తుతింతురు. ఆ రాతిని, ఆ పంటను కదలించిన యంత్రములను నిలిచిపోయినచోటనే మరల నడిపించిన మేస్త్రీల విద్యయు ఈ సీమ చరిత్రలోనిదే యని నా తలంపు.

1874లో వాడి–హైదరాబాదు రైలుమార్గము తెరువబడినది మొదలు తాండూరు, వికారాబాదు స్టేషనులు సరకునకు ద్వారములైనవి. 1932లో నిజాము రైల్వే బస్సులను నడుప నారంభించెను. అయినను డీజిలు లారీ ఈ దేశపు బాటలపై విరివిగా తిరుగుట స్వాతంత్ర్యానంతరపు మాట: 1951లో ఇంధనపు పంపులను, నాజిళ్లను చేయు మైకో వెలసెను, 1954లో టాటావారు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ వారితో కూడి జంషెడ్‌పూరున లారీలు చేయసాగిరి, మరుసటి యేట మదరాసున అశోక్ మోటార్సు అశోక్ లేలాండ్ అయ్యెను.

పెట్రోలు బండ్లకు అలవాటుపడిన చేతులకు ఈ క్రొత్త యంత్రము వేరొక శాస్త్రము. 1897లో ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిలు జయప్రదముగా నడిపిన యంత్రమునందు నిప్పురవ్వ పుట్టించు సాధనము లేదు. లోనికి పీల్చిన గాలిని సుమారు 15వ వంతుకో 20వ వంతుకో అణచగా పుట్టిన తాపమే, సన్నని తుంపరగా చిమ్మబడిన ఇంధనమును రగిలించును. కావున ఇంజను తిరుగుచు రగులుకొననిచో, వెదకవలసినవి ముఖ్యముగా రెండే: ఇంధనము చేరుట లేదా, చాలినంత తాపము పుట్టుట లేదా?

“ఉస్తాద్, సెల్ఫ్ కొడుతుంది గాని బండి అందుకుంటలేదు” అని డ్రైవరు వచ్చి నిలిచినప్పుడు, అనుభవజ్ఞుడైన మేస్త్రి ముందుగా పానా పట్టడు; మరియొక్కసారి సెల్ఫ్ కొట్టుమని పొగగొట్టమును చూచును. తెల్లని పొగ వెడలినచో ఇంధనము చేరుచున్నది గాని మండుట లేదు. అప్పుడు బ్యాటరీ నీరసము, కంప్రెషను లోపము, పంపు టైమింగు మొదలగువాని నరయవలెను. పొగయే లేనిచో ఇంధనమే చేరుట లేదు. ట్యాంకు, స్టాపు తీగ, ఫిల్టరు వరుసగా చూచి, ఫిల్టరు మీది మర వదలించి ఫీడ్ పంపును చేతితో కొట్టగా, నురుగు పొంగినచో గాలి పట్టినదని తేలును. డీజిలు అణగదు, గాలి అణగును. అందుచేత నాజిళ్లకు ఇంధనమునందించు పంపు తోయు బలమంతయు ఆ బుడగను కుదించుటతోనే తీరిపోయి, నాజిలు సూది లేవదు. నురుగు పోయి ధార నిలుకడగా వచ్చువరకు గాలి తీయవలెను. పిమ్మట నాజిలు గొట్టము నట్టును కొంచెము వదలించి సెల్ఫ్ కొట్టగా డీజిలు ఉబికినచో, పంపువరకు మార్గము సరియైనదే.

ఇందు మిక్కిలి సూక్ష్మమైన పని, గాలి చొరబడు తావును పట్టుట. ట్యాంకునకు ఫీడ్ పంపునకు నడుమ గొట్టము డీజిలును పీల్చుచుండును గాన, అచటి వదులైన వాషరో, సన్నని పగులో బయటికి చుక్కయు రాల్పక లోనికి గాలిని తీసికొనగలదు. కంటికి తడి కానరాని ఆ లోపమును వ్రేళ్లతో తడవి పట్టుటను, సామానులు కడుగుచు చేరిన కుర్రవాడు ఉస్తాదు ప్రక్కన నిలిచి ఏండ్లకొలది నేర్వవలసి యుండెను. పంపులోని ప్లంజరును మాత్రము బాటప్రక్క విప్పరాదనుట ఆ విద్యలోని గొప్ప నియమమని నేను తలంతును. ఏలయన దాని అమరిక మిల్లీమీటరులో వేయింటికి కొన్ని వంతుల సూక్ష్మత గలది, ధూళికణము చేరినను చెడును. అట్టి పనికి పంపును విప్పకయే ఊడదీసి, పరీక్షాయంత్రముగల దుకాణమునకు పంపవలసినదే.

2020 ఏప్రిల్ 1 నుండి బీఎస్-6 కాలుష్య నియమము వచ్చిన పిదప అమ్మబడు క్రొత్త లారీలలో, నాజిళ్లన్నిటికిని ఇంధనమునందించు ఉమ్మడి గొట్టమైన ‘కామన్ రైలు’లో పీడనము నియతమైన మట్టమునకు చేరనిదే కంప్యూటరు నాజిళ్లను తెరువనీయదు. నాజిలు నట్టు వదలించు పాత పరీక్ష ఈ బండ్లపై చేయరాదు. వెయ్యి వాతావరణములను మించు పీడనముతో వెడలు సన్నని ధార చర్మమును చీల్చి లోనికి దిగును. ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలుట, చేతిపంపుతో గాలి తీయుట మాత్రము నేటికిని మేస్త్రి మొదట చేయు పనులలోనివే.