అంబాసిడర్ కారు సిలిండర్ హెడ్డు

అంబాసిడర్ కారు సిలిండర్ హెడ్డు అనగా హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారు ఇంజనులో సిలిండర్లపై మూతవలె బిగించబడు భాగము. పాత పెట్రోలు ఇంజనులో ఇది పోత ఇనుముతో చేయబడినది. వాల్వులు, దహన గదులు, నీటి మార్గములు దీనియందే కలవు. పశ్చిమ బెంగాల్ లోని ఉత్తర్‌పారా కర్మాగారములో ఈ కారు ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయినది. అంబాసిడర్ పేరును 2017లో ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది. పేరు చేతులు మారినను, హెడ్డు పగిలిన పాత కారు యజమానికి కలిగిన మేలు ఏమియు లేదు.

ఇంజను రకములు

హెడ్డు వెదకుటకు ముందు ఇంజను ఏదో తెలిసికొనవలెను. తొలి అంబాసిడర్లలో వాల్వులు సిలిండర్ల పక్కన ఉండెడివి. వాటి హెడ్డు ఇంచుమించు ఒక పలక మాత్రమే. 1959లో 1489 సీసీ బి.ఎం.సి. బి-సిరీస్ ఇంజను వచ్చినది. దీని సిలిండరు వ్యాసము 73 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. తరువాత డీజిల్ ఇంజను, 1990లలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజను వచ్చినవి. ఇసుజులో క్యామ్ షాఫ్టు హెడ్డుపైనే ఉండును. అందుచేత "అంబాసిడర్ హెడ్డు" అని మాత్రము అడిగిన, అంగడివారు ఏది ఇచ్చినను తప్పు వారిది కాదు.

బి-సిరీస్ ఇంజను బ్రిటన్ లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్, ఎం.జి.ఏ. కార్లలో కూడ వాడబడినది. ఎం.జి.బి.లోని 1798 సీసీ ఇంజను ఇదే వంశమునకు చెందినదే, కాని దాని సిలిండరు వ్యాసము 80.26 మి.మీ. హెడ్డు చూపునకు ఒకేలా ఉన్నను దహన గదుల, వాల్వుల కొలతలు వేరు. దానిని తెచ్చి బిగించుట పొరపాటు.

కవిటి, పలాస ప్రాంతములో లభ్యత

కవిటి, పలాస, టెక్కలి ప్రాంతము విశాఖపట్నము, బరంపురముల నడుమ ఉన్నది. విశాఖపట్నము, విజయవాడలలోని ఆటోనగర్లు తెలుగువారికి తెలిసినవే. పలాస మీదుగా పోవు హౌరా-చెన్నై రైలు మార్గమునకు ఒక చివర కలకత్తా మల్లిక్ బజారు, మరొక చివర చెన్నై పుదుప్పేట కలవు. రెండును పాత విడిభాగములకు పేరుపొందినవి. అంబాసిడర్ పుట్టిన చోటికి దగ్గర కావున మల్లిక్ బజారును ముందుగా విచారించుట మంచిది.

ఉద్దానము తీరమున ఉప్పుగాలి ఎక్కువ. ఏండ్ల తరబడి పాకలో పడియున్న ఇనుప హెడ్డు పైకి బాగున్నట్లు కనిపించినను నీటి మార్గములలో తుప్పు తినియుండవచ్చును.

కొనుటకు ముందు పరీక్ష

అడుగు తలముపై స్కేలు నిలిపి, సందులో ఫీలర్ గేజి దూర్చి వంపు చూడవలెను. స్వల్పమైన వంపును గ్రైండింగుతో సరిచేయవచ్చును. ఎక్కువ కోసిన దహన గది చిన్నదై కంప్రెషను పెరుగును. వాల్వు సీట్ల నడుమ పగుళ్ళు ముఖ్యముగా వెదకవలసినవి. నీటిని ఒత్తిడితో పంపి చేయు పరీక్షయే నమ్మదగినది. పోత ఇనుమును ముందుగా వేడిచేయక వెల్డింగు చేసిన పగులు మరింత పాకును.

భారతదేశమున 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము కలిసిన పెట్రోలు నిలిపివేయబడినది. ఆ సీసము వాల్వు సీట్లను అరగకుండ కాపాడెడిది. కనుక పాత హెడ్డును లేత్ షెడ్డుకు ఇచ్చినపుడే ఎగ్జాస్టు వాల్వులకు గట్టి ఉక్కు సీట్లు వేయించుదురు. బిగించునపుడు కొత్త గాస్కెట్టు వేసి, నట్లను నడుమనుండి అంచులకు, కొంచెము కొంచెముగా బిగించవలెను.