గోడ మీద తలకిందులైన ఇద్రీసీ నక్షా

దీవాన్‌ఖానాలో ఆయతుల్ కుర్సీ ఫ్రేము, కాబా షరీఫ్ తస్వీరు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. ఇప్పుడు వాటి పక్కన పాత నక్షాలు కూడా చేరుతున్నాయి. నా కంటికి తరచూ కనబడేది అల్ ఇద్రీసీ దునియా నక్షా. మంచి షౌఖే. కానీ కొన్ని ఇళ్లలో అది తలకిందులుగా వేలాడుతోంది.

ఇద్రీసీ గీసిన నక్షాలో జునూబ్, అంటే దక్షిణం, పైన ఉంటుంది. ఆఫ్రికా పైకి, యూరప్ కిందికి, మన హింద్ ఎడమ వైపుకి వస్తాయి. బడిలో ఉత్తరం పైన ఉండాలని నేర్చుకున్న మన కళ్లకు అది వింత. అందుకే ప్రింటు వేసేవాళ్లు కొందరు నక్షాను తిప్పేస్తారు. దేశాలు అలవాటైన చోటికి వస్తాయి, హర్ఫులు మాత్రం తలకిందులవుతాయి. ఖురాన్ చదవడం వచ్చిన పిల్లలున్న ఇంట్లో అరబీ అక్షరాలు అలా వేలాడటం నాకైతే మింగుడుపడదు.

దీని తారీఖ్ ఇంకా దిల్‌చస్ప్. ఇద్రీసీ ముసల్మాన్, పని చేయించింది మాత్రం సిసిలీని ఏలిన ఈసాయి బాద్‌షా రెండో రోజర్. వాట్సాప్‌లో ఫఖర్‌గా పంపుకునేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు! పలెర్మో దర్బారులో సుమారు 15 ఏళ్లు మెహనత్ జరిగింది. వచ్చిన ముసాఫిర్లను పిలిచి అడిగేవారు. విడివిడిగా అడిగేవారు, కలిపీ అడిగేవారు. వాళ్ల మాటలు కలిసినవే ఉంచి, కలవనివి పక్కన పెట్టారని ఇద్రీసీ తన కితాబ్ ముందుమాటలోనే రాశాడు. జర్నలిస్టుగా నాకు ఈ ఉసూల్ భలే నచ్చుతుంది. ఆ తర్వాత 400 రూమీ రతల్‌ల బరువున్న వెండి పలక మీద దునియాను చెక్కించారు. కితాబ్ 1154 జనవరిలో పూర్తయింది, ఫిబ్రవరిలో రోజర్ కన్నుమూశాడు. 1161 ప్రాంతంలో మహల్ మీద పడ్డ బాగీలు ఆ వెండిని దోచుకుపోయారని చెబుతారు.

మరి మన గోడ మీద ఉన్నదేమిటి? నకల్‌కు నకల్. ఇద్రీసీ సొంత చేతి ప్రతి ఏదీ మిగల్లేదు. కితాబ్‌లో భూమిని ఏడు ఇఖ్లీంలుగా, ఒక్కోదాన్ని పది భాగాలుగా చేసి 70 చిన్న నక్షాలు పెట్టారు. ఆ 70ని కలిపి ఒకే పెద్ద నక్షాగా 1928లో అచ్చు వేయించింది కోన్రాడ్ మిల్లర్ అనే జర్మన్. దాని మీద పేర్లు రోమన్ హర్ఫుల్లో ఉంటాయి. గుండ్రంగా, నీలి సముద్రం చుట్టుకుని ఉండే ఇంకొకటి ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ప్రతిది. దాన్ని 1553లో కైరోలో ఒక కాతిబ్ రాశాడు.

కాబట్టి దుకాణంవాడు '1154 నాటి అసల్ నక్షా' అంటే నవ్వి బేరమాడండి. ఇంటికి తెచ్చాక హర్ఫులు నిటారుగా చదవగలిగేలా మేకు కొట్టండి. ఫ్రేము వెనక ఒక చీటీ అంటించండి: ఇది ఎవరి నకల్, ఏ సాలుది, పైన ఉన్నది జునూబ్ అని.